ఒకే మైదానంలో ఫుట్‌బాల్, రగ్బీ: లాన్ గడ్డి ఎందుకు లేచిపోతోంది?

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా లాన్ గడ్డి పెంచి షీట్లుగా కోసి అమ్ముతున్నాను. మాది బంకమట్టి నేల. ఈమధ్య ఒక స్టేడియానికి సంకర బెర్ముడా గడ్డి ఇచ్చాను. అక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, ఒక రగ్బీ క్లబ్బు ఒకే మైదానంలో ఆడతాయి. పరిచిన మూడు వారాలకే మ్యాచ్‌లు మొదలుపెట్టారు. ఫుట్‌బాల్ ఆడినప్పుడు బాగానే ఉంది. రగ్బీ మ్యాచ్ జరిగిందంటే మాత్రం గడ్డి చాపలా లేచి వస్తోంది. గడ్డి నాసిరకమంటూ మిగతా డబ్బు ఆపేశారు. తప్పు నా గడ్డిదేనా? ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే గడ్డి రకంలో లోపం ఉన్నట్టు లేదు. సంకర బెర్ముడా మన పొలాల్లో కలుపుగా పీకి పారేసే గరికకు, ఆఫ్రికా గరిక జాతికి పుట్టిన సంతానం. నేల మీద పాకే కాడలు, నేల లోపల పాకే కాడలు రెండూ ఉండటం వల్ల దెబ్బ తిన్నా పక్క నుంచి మళ్లీ అల్లుకుంటుంది. ఎండ, వేడి ఉన్న చోట ఆట మైదానాలకు ఇంతకంటే మంచి గడ్డి దొరకడం కష్టం. ఇబ్బంది మీ మట్టికి, వాళ్ల మైదానం అడుగున ఉన్న పొరకు మధ్య ఉంది. దానికి మ్యాచ్‌ల క్యాలెండర్ కూడా తోడైంది.

ముందు ఒక పరీక్ష చేయండి. లేచిపోయిన చోటికి రెండు అడుగుల దూరంలో, గడ్డి బాగా ఉన్నట్టు కనిపించే చోట పదునైన కత్తితో అరచేతి వెడల్పున, జానెడు లోతున ఒక ముక్క కోసి బయటికి తీయండి. దాన్ని పక్కకు తిప్పి చూడండి. పైన మీ పొలం మట్టి ఒక పొర, కింద మైదానం ఇసుక మరో పొర కనిపిస్తాయి. తెల్లటి కొత్త వేర్లు ఆ రెండింటి మధ్య గీత దాటి ఇసుకలోకి దిగాయా, లేక గీత దగ్గరే ఆగి అడ్డంగా తిరిగాయా చూడండి. అడ్డంగా తిరిగి ఉంటే కారణం దొరికినట్టే. ఆ గీత దగ్గర మట్టి నల్లగా మారి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే నీళ్లు నిలిచి వేర్లకు గాలి అందడం లేదని అర్థం.

స్టేడియాల్లో మైదానం అడుగున సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద గులకరాళ్లు, మురుగు పైపులు ఉంటాయి. వాన ఎంత కురిసినా నీరు దిగిపోవాలని ఆ ఏర్పాటు. బంకమట్టితో కూడిన గడ్డిని ఆ ఇసుక మీద పరిస్తే, సన్న రేణువుల మట్టి నీటిని తనలోనే పట్టి ఉంచుతుంది. అది పూర్తిగా నానితే తప్ప కింది ఇసుకలోకి నీరు దిగదు. పైపొర ఎప్పుడూ తడిగా, కింది పొర ఎప్పుడూ పొడిగా ఉంటాయి. పొడిగా ఉన్న చోటికి వేరు ఎందుకు దిగుతుంది? పైనే ఉండిపోతుంది. పై నుంచి చూస్తే పచ్చగా, నిండుగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఫుట్‌బాల్‌కు నిలిచిన గడ్డి రగ్బీకి ఎందుకు నిలవలేదన్నది మీ అసలు సందేహం. ఫుట్‌బాల్ గడ్డిని అరగదీస్తుంది. గోల్ ముందు, మైదానం మధ్యలో, లైన్ రిఫరీ పరిగెత్తే అంచున ఆకు నలిగి పలచబడుతుంది. రగ్బీ గడ్డిని పక్కకు కోస్తుంది. పదిహేను మంది ఆడే రగ్బీ స్క్రమ్‌లో ఒక్కో వైపు ఎనిమిది మంది భుజాలు ఆనించి ఎదుటివాళ్లను నెడతారు. పెద్ద స్థాయి జట్లలో ఒక వైపు బరువే 850 కిలోలు దాటుతుంది. ఆ బలమంతా బూట్ల కింది స్టడ్‌ల (మొనదేలిన బొడిపెల) మీదుగా నేలలోకి, అదీ నిలువుగా కాకుండా ఏటవాలుగా దిగుతుంది. రగ్బీ బూట్ల స్టడ్ 21 మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చు. మీరు పలచగా కోసిన షీటులో మట్టి మందం సాధారణంగా 15 నుంచి 20 మిల్లీమీటర్లు. అంటే స్టడ్ మొన సరిగ్గా మీ మట్టి, వాళ్ల ఇసుక కలిసే చోటికి చేరుతుంది. వేరు పట్టని గీత అక్కడే ఉంది. అందుకే షీటు మొత్తం ఒక్క ముక్కగా లేస్తోంది.

స్క్రమ్‌లు ఎక్కడ జరుగుతాయో కూడా చూడండి. ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, రగ్బీలో రెండు గోల్ లైన్ల మధ్య 100 మీటర్లు అనుకుందాం. రెండింటి మధ్యగీత ఒకటే అయితే రగ్బీ గోల్ లైను ఫుట్‌బాల్ గోల్ లైనుకు రెండున్నర మీటర్లు లోపల పడుతుంది. పదిహేను మంది ఆడే రగ్బీలో గోల్ లైనుకు 5 మీటర్ల కంటే దగ్గర స్క్రమ్ పెట్టరు. కాబట్టి దాడి జోరుగా సాగినప్పుడు పడే స్క్రమ్‌లు ఫుట్‌బాల్ గోల్‌కు ఏడున్నర మీటర్ల దూరంలో, గోల్ ముందు గీసే చిన్న పెట్టెకు, పెనాల్టీ చుక్కకు మధ్యన పడతాయి. గోల్‌కీపర్, డిఫెండర్లు వారమంతా తొక్కి పలచబరచిన చోటు అదే. రెండు ఆటల దెబ్బ ఒకే చోట పడుతోంది. రగ్బీ నిబంధనలు పొడవును 94 మీటర్ల దాకా తగ్గించుకోనిస్తాయి. గ్రౌండ్ సిబ్బందితో మాట్లాడి, లీగ్ ఒప్పుకుంటే, సీజన్ మధ్యలో ఒకసారి రగ్బీ గోల్ లైన్లను జరిపించండి. దెబ్బ కొత్త చోటికి మారి పాత చోటుకు ఊపిరాడుతుంది. మ్యాచ్‌కు ముందు వార్మప్ అసలు గోల్ ముందు చేయనివ్వకూడదు. దానికి పక్కన కదిలే గోల్ పోస్టులు పెట్టుకుంటే సరిపోతుంది. నా అనుభవంలో చాలా మైదానాల గోల్ ముందు భాగం సగం పాడయ్యేది మ్యాచ్‌లో కంటే వార్మప్‌లోనే.

ఇక క్యాలెండర్. ఎంత మందు, ఎంత ఎరువు వేసినా విశ్రాంతి లేని గడ్డిని నిలబెట్టలేం. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులు, రగ్బీ లీగ్ (పదమూడు మంది ఆడే రగ్బీ) క్లబ్బులు ఒకే స్టేడియం పంచుకోవడం చాలాకాలంగా ఉంది. హడర్స్‌ఫీల్డ్‌లో 1994 నుంచి, విగన్‌లో 1999 నుంచి, హల్‌లో 2002 నుంచి అలాగే ఆడుతున్నారు. 1996లో అక్కడి పెద్ద స్థాయి రగ్బీ లీగ్ చలికాలం నుంచి వేసవికి మారింది. రెండు ఆటలు వేర్వేరు కాలాల్లో పడ్డాయి కాబట్టి గడ్డికి మేలు జరిగిందని పైకి అనిపిస్తుంది. కానీ ఫుట్‌బాల్ సీజన్ ముగిశాక మే నుంచి జులై వరకు మైదానాన్ని గీకి, ఇసుక వేసి, కొత్త విత్తనం చల్లే సమయం అది. రగ్బీ సరిగ్గా అప్పుడే జోరందుకుంటుంది. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌తో పంచుకుంటే ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. రెండు ఆటలూ చలికాలంలోనే, గడ్డి ఎదగని రోజుల్లోనే పడతాయి. నేల వేడి పది పన్నెండు డిగ్రీల కంటే తగ్గితే బెర్ముడా నిద్రపోతుంది. అప్పుడు తగిలిన గాయం వేసవి వచ్చేదాకా మానదు.

మీ మైదానంలో గడ్డి పరిచిన మూడు వారాలకే మ్యాచ్ పెట్టారు. పలచగా కోసిన షీటు మంచి ఎండకాలంలో కూడా గట్టిగా వేరు పట్టడానికి కనీసం ఆరు వారాలు తీసుకుంటుంది. అది వాళ్ల తొందరపాటు. బంకమట్టి మీద పెంచిన గడ్డి ఇసుక మైదానానికి వెళ్తుందని తెలిసీ హెచ్చరించకపోవడం మీ వైపు లోటు. ఇద్దరూ దీన్ని ఒప్పుకుని మాట్లాడుకుంటే డబ్బు సంగతి తేలుతుందని నా నమ్మకం. కోసిన ఆ ముక్కను తీసుకెళ్లి వాళ్ల ఎదుట పెట్టండి. నోటి మాట కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు మైదానాన్ని కాపాడే పని. గడ్డి చురుగ్గా ఎదిగే కాలంలో బోలు గొట్టాల యంత్రంతో 12 నుంచి 15 మిల్లీమీటర్ల వ్యాసంలో, మీ మట్టి పొరను పూర్తిగా దాటి ఇసుకలోకి దిగేలా రంధ్రాలు వేయించండి. బయటికి వచ్చిన మట్టి ముక్కలను మైదానం మీద వదలకుండా ఊడ్చి తీసేయాలి. రంధ్రాల్లో మైదానం అడుగున ఉన్న ఇసుక లాంటిదే నింపాలి. ఒక్కసారితో సరిపోదు. ఎదుగుదల కాలంలో నాలుగైదు వారాల తేడాతో మళ్లీ మళ్లీ చేస్తే బంకమట్టి స్థానంలోకి క్రమంగా ఇసుక చేరుతుంది. మట్టి తీయకుండా పైపైన ఇసుక చల్లి ఊరుకుంటే పొర మీద పొర పేరుకుని ఇంకా చెడుతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మీ వాళ్లను ముందే ఆపండి.

యూరియా ఎక్కువ వేసి త్వరగా పచ్చబరుద్దామని చూడొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా పెరుగుతుంది కానీ వేరు కిందికి దిగదు. ఒక దఫాలో చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని, అంటే సుమారు 11 గ్రాముల యూరియా దాటకూడదు. భూసార పరీక్షలో పొటాష్ తక్కువని తేలితే అది తప్పకుండా వేయించండి. తొక్కుడును తట్టుకునే శక్తి దాని వల్ల పెరుగుతుంది. ఇసుక మైదానంలో పొటాష్ నీటితో పాటు త్వరగా కొట్టుకుపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా, ఎక్కువ దఫాల్లో వేయాలి.

నీటి దగ్గర రెండు క్లబ్బులకూ పడదు, గ్రౌండ్ సిబ్బందికి తలనొప్పి అక్కడే. బంతి వేగంగా జారాలని ఫుట్‌బాల్ వాళ్లు మ్యాచ్‌కు ముందు నీళ్లు చల్లమంటారు. రగ్బీకి అదే తడి నేల కీడు చేస్తుంది. రగ్బీ మ్యాచ్ ఉన్న వారం రెండు రోజుల ముందే చివరి తడి ఇచ్చి ఆపేయమనండి. గడ్డి ఎత్తు విషయంలో కూడా ఒకరికి పొట్టిగా, మరొకరికి కాస్త పొడవుగా కావాలి. సంకర బెర్ముడాకు 25 మిల్లీమీటర్ల దగ్గర రాజీ పడొచ్చు. ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతు మించి తీయకూడదు.

ఒకే వారాంతంలో రెండు మ్యాచ్‌లు పడితే ఫుట్‌బాల్ ముందు, రగ్బీ తర్వాత పెట్టించండి. రగ్బీ తర్వాత గుంతలు పూడ్చి, లేచిన ముక్కలను కాలితో నొక్కి, ఇసుక వేయడానికి వారం రోజులు దొరుకుతాయి. రగ్బీ ముందు పడితే మర్నాడు గుంతల మీద బంతి ఎగిరిపడుతుంది, ఆటగాళ్ల చీలమండలు మెలిక పడతాయి. స్క్రమ్ పడిన చోట గడ్డి పూర్తిగా పోతే అక్కడికి మాత్రం 40 మిల్లీమీటర్ల మందంగా కోసిన గడ్డి ఇవ్వండి. తన బరువుతోనే కదలకుండా నిలుస్తుంది కాబట్టి కొద్ది రోజుల్లోనే ఆడుకోవచ్చు. అయితే అది బంకమట్టిలో పెంచింది కాకూడదు.

అందుకే ఒక ఎకరంలోనైనా స్టేడియాల కోసం విడిగా ఇసుక మడి తయారు చేసుకోండి. కొనేవాళ్ల మైదానం ఇసుక నమూనా ముందే తెప్పించుకుని, అదే గింజ పరిమాణం ఉన్న ఇసుక మీద గడ్డి పెంచండి. ఈసారి ఒప్పందం రాసేటప్పుడు రెండు క్లబ్బుల మ్యాచ్‌ల పట్టిక అడగండి. గడ్డి పరిచాక ఆరు వారాలు ఖాళీ లేకపోతే పలచటి షీటు అమ్మనని కాగితం మీద రాయండి. అమ్మకం పోతుందేమో అనిపిస్తుంది కానీ, డబ్బు ఇరుక్కోవడం కంటే అది నయం.

ఒక్క అనుమానం మిగిలింది. కోసిన ముక్కలో వేర్లు గీత దగ్గర ఆగకుండా, అసలే మొండిగా, గోధుమరంగులో, చిన్న బుడిపెలతో ఉంటే అది నులిపురుగుల (వేర్లను పాడుచేసే, కంటికి కనిపించని సన్న పురుగుల) పని కావొచ్చు. స్కాట్లాండ్‌లోని మర్రీఫీల్డ్ రగ్బీ మైదానం 2013లో వీటి వల్లే దెబ్బతింది. అప్పట్లో వెల్లుల్లి రసం కూడా పిచికారీ చేశారు. మరుసటి ఏడాది కృత్రిమ పోగులు కలిపి కుట్టిన గడ్డికి మారారు. మీ పొలంలో నులిపురుగులు ఉంటే అవి ప్రతి షీటుతో పాటు కొత్త మైదానాలకు వెళ్తాయి కాబట్టి పరీక్ష తప్పనిసరి. పొలంలో పది చోట్ల, మైదానంలో బాగున్న చోటికి, పాడైన చోటికి మధ్య అంచున పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి వేర్లతో సహా మట్టి తీయండి. పొలానిది, మైదానానిది వేర్వేరుగా కలిపి, ఒక్కో దాని నుంచి అర కిలో చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. తడి ఆరకుండా, ఎండ తగలకుండా రెండు రోజుల్లోపు దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి చేర్చండి. మట్టి ఎండిపోతే పురుగులు చనిపోయి లెక్క తప్పు వస్తుంది.