తాతయ్య తిథి లెక్క, నాన్న నూలు వల
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: సెలవులకు వెళ్తే మా తాతయ్య మనవలందరినీ ఎక్కించుకుని ఉప్పుటేరు మీద పడవ వేసేవాడు. పొద్దున్నే పంచాంగం చూసి, "ఇవాళ దశమి, పోటు ఫలానా వేళకి" అనేవాడు. నీళ్లు అప్పుడే ఎక్కేవి. ఆ లెక్క ఇంట్లో ఎవరికీ అబ్బలేదు. మా పిల్లలకు నేర్పాలని ఉంది, చెప్పగలరా?
– ఒక పాఠకుడు, మొగల్తూరు

జవాబు: వేళ్ల మీద చేసే లెక్కే. పోటు తిథికి రెండు ఘడియల చొప్పున ఆలస్యమవుతుంది. ఘడియకు 24 నిమిషాలు కనుక రోజుకు 48 నిమిషాలు. పదిహేను తిథులకు ముప్పై ఘడియలు, అంటే 12 గంటలు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు తీయడం). అందువల్ల అమావాస్యనాడు నీళ్లు ఏ వేళకు నిండాయో పున్నమినాడూ దాదాపు ఆ వేళకే నిండుతాయి. మీ తాతయ్యకు కంఠతా ఉన్న అంకె ఒక్కటే అయ్యుంటుంది: తన రేవులో అమావాస్య పోటు వేళ.

ఆ వేళ ఉదయం 9 గంటలు అనుకోండి. దశమికి పది తిథులు, 480 నిమిషాలు, అంటే 8 గంటలు. సాయంత్రం 5కి నిండు పోటు. దానికి ముందుది తెల్లవారుజామున నాలుగున్నర దాటాక. ఈ రెంటి నడుమ, పదకొండుకు కాస్త ముందు, నీళ్లు బాగా తీసి ఉంటాయి.

పక్క ఊరివాళ్ల అంకె మీకు పనికిరాదు. సముద్రపు మొగ దగ్గర ముందు నిండుతుంది. ఏటిలో పైకి పోయేకొద్దీ ఆలస్యం. మీ రేవులో మీరే కొలుచుకోవాలి. వానలు లేని నెలలో అమావాస్యనాడు నీళ్లలో ఒక రాట పాతి, పావుగంటకోసారి నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. గీతలు పైకి ఎక్కడం ఆగిన వేళ రాసుకోండి. పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఉండదు, అరపూట కదలకుండా కూర్చోబెట్టడమే కష్టం.

లెక్క తప్పే సందర్భాలున్నాయి. అష్టమి, నవమి ప్రాంతంలో అరగంట నుంచి గంట దాకా తేడా వస్తుంది. పోటు కూడా బలహీనం. వర్షాకాలంలో కొల్లేటి నీరు ఉప్పుటేటిలోకి తోసుకొస్తున్నప్పుడు పోటు పైకి ఎక్కలేదు. అప్పుడు పంచాంగం పక్కన పెట్టి నీటిని చూసి పడవ వెయ్యాల్సిందే.

ఇంకో జాగ్రత్త. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికన్నా ఎత్తుగా వస్తుంది. ఆ నీటి మీద పిల్లకాలవలోకి దూరి గాలాలు వేస్తూ వేళ మరిచారో, పడవ బురదలో కూర్చుంటుంది. మర్నాటి నుంచి ప్రతి పోటూ అంతకంటే తక్కువే కాబట్టి రోజుల తరబడి అది తేలదు. నీళ్లు తీయడం మొదలవగానే పెద్ద ఏటిలోకి వచ్చెయ్యండి.

ప్రశ్న: అటక మీద నాన్న నూలు విసురు వల దొరికింది. పడవ దిగగానే వలను ఎండలో పరిచేవారు. మేం కొన్న నైలాన్ వలనూ అలాగే ఆరేస్తే కొన్నాళ్లకే పుటుక్కున తెగుతోంది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, కైకలూరు

జవాబు: నూలుకు తడి శత్రువు, నైలాన్‌కు ఎండ. నూలు వల తడిగా ఉంటే కుళ్లుతుంది కాబట్టి మీ నాన్నగారు ఎండలో పరిచారు. తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో నానబెట్టేదీ అందుకే. ఆ వగరు దారాన్ని కాపాడుతుంది. పాత వల గోధుమ రంగులో ఉంటే అది మురికి కాకపోవచ్చు, ఉతికి పారెయ్యకండి. నైలాన్ కుళ్లదు గానీ ఎండకు చివుకుతుంది. మంచినీళ్లలో జాడించి, చేప పొలుసులు దులిపి, నీడన గాలికి ఆరేయండి. వాసన మిగిలితే ఎలుకలు కొరుకుతాయి.

పాత వల విసరదగిందో కాదో తెలియాలంటే ఒక కన్నును రెండు చేతులతో పట్టి లాగండి. తేలిగ్గా తెగితే గోడకు తగిలించుకోవడానికే. అంచున ఇనప గుండ్లుంటే విప్పి విడిగా దాచండి, తుప్పు దారాన్ని తినేస్తుంది. సీసం గుండ్లయితే పిల్లలు ముట్టుకున్నాక చేతులు కడిగించండి.

కొత్త వల పడవ మీంచి విసిరితే అర్ధచంద్రంలా పడుతోందంటే, విసిరే ఊపుకు పడవ వెనక్కి జారుతోందన్నమాట. ఒకరు గెడ నేలకు దింపి పడవను ఆపి పట్టాలి. విసిరేవాడొక్కడే నిలబడాలి, మిగతా అందరూ కూర్చోవాలి. వల తాడును మణికట్టుకు జారుముడితో కట్టుకోవడం వద్దే వద్దు. వల అడుగున మొద్దుకు తగులుకుంటే ఆ ముడి బిగుసుకుని మనిషిని నీళ్లలోకి లాగుతుంది. చెయ్యి వదలగానే ఊడివచ్చే వదులు ఉంగరం చాలు.

ప్రశ్న: ఇంగిలాయి చేప ముల్లు గుచ్చితే అమ్మమ్మ చేతిని వేడినీళ్లలో పెట్టించేది. అందులో నిజముందా?
– ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: ఉంది. ఇంగిలాయికి తలవెనక రెండు పక్కలా ఉన్న ముళ్లలో విషం ఉంటుంది, వేడికి దాని నొప్పి తగ్గుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర. వేడిని ఇంకొకరి చేత్తో చూపించాలి. నొప్పితో ఉన్న చేతికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. ముల్లు ముక్క లోపలే విరిగినా, వాపు పాకుతున్నా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగండి. పడవలో తడి గోనెపట్టా ఒకటి ఉంచుకుని, వలలోంచి ఇంగిలాయిని దాంతోనే పట్టి తీయండి. ఆ పని పిల్లలకు అప్పగించకండి.