రేటు అడిగే ముందు

చిరంజీవి కావ్యకు మామయ్య ఆశీస్సులు.

గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని యాడ్ ఏజెన్సీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే వాపోయింది. నేనూ అయ్యో అయ్యో అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక మీ అత్తతో గొప్పగా చెప్పుకున్నాను. మన ఇంట్లో సొంతంగా బోర్డు పెట్టేది నువ్వే మొదలు. నేను ముందు పేపర్లో, తర్వాత ఆన్‌లైన్ యాడ్స్‌లో, రిటైరయ్యేదాకా ఒకళ్ల బోర్డు కిందే పనిచేశాను.

జీఎస్టీ నంబరు, కరెంట్ అకౌంట్ లాంటివి నీకు నేను చెప్పక్కర్లేదు. కొటేషన్‌లో "18 శాతం జీఎస్టీ అదనం" అని రాయడం మర్చిపోకు, చాలు. బ్యానర్ సైజులు కూడా డిజైన్ చేసే పిల్లలకు నోటికి వచ్చి ఉంటాయి.

పేపర్లో యాడ్ అంటే చదరపు సెంటీమీటరుకి ఇంత. స్కేలు పెట్టి కొలిస్తే గొడవ తీరిపోయేది. ఆన్‌లైన్‌లో "ఎంత" అని అడిగే ముందు "దేనికి" అని అడగాలి. వెయ్యిసార్లు చూపించినందుకు తీసుకుంటే సీపీఎం, నొక్కినందుకైతే సీపీసీ, వీడియో చూసినందుకైతే సీపీవీ, సరుకు కొన్నందుకో ఫారం నింపినందుకో అయితే సీపీఏ. సీపీఎం 80 రూపాయలనుకో. లక్షసార్లు చూపిస్తే 8,000. వెయ్యికి ఒకరు నొక్కితే వంద క్లిక్కులు, అంటే క్లిక్కు 80 పడింది. ఇంకొకడొచ్చి క్లిక్కు 5 రూపాయలకే ఇస్తానంటాడు. ఎవరిది చవక? నొక్కింది ఎవరో తెలిసేదాకా జవాబు చెప్పకు.

మా ఆఫీసులో ఆ జవాబు ముందే చెప్పేశారు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపు మా క్లయింటు. ఆషాఢం డిస్కౌంట్ సేల్. షాపాయన యాడ్ బడ్జెట్‌లో చాలా భాగం ఆన్‌లైన్‌కే ఇచ్చాడు, మా సార్ మాట మీద. సార్‌కి చవక అంటే ప్రాణం. ఎక్కడ క్లిక్కు తక్కువకి దొరికితే అక్కడికే డబ్బంతా తోసేయమన్నాడు. మొదటి వారం రిపోర్ట్ చూసి ఆఫీసులో స్వీట్లు పంచాం. క్లిక్కులు వరదలా వచ్చాయి.

షాపాయన మాత్రం నవ్వలేదు. ఆయన గల్లా పక్కన ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టుకుని, బిల్లు కట్టే ప్రతి ఆవిడనీ "అమ్మా, మా సేల్ సంగతి ఎలా తెలిసింది?" అని అడిగి గీతలు పెట్టేవాడు. పేపర్‌తో పాటు పడ్డ పాంప్లెట్ అన్నవాళ్ల కింద గీతలు బారులు తీరాయి. పక్కింటావిడ చెప్పిందన్నవాళ్లూ చాలామందే. ఫోన్లో చూశామన్నవాళ్ల వరస దాదాపు ఖాళీ. ఆ నోట్‌బుక్ తెచ్చి మా టేబుల్ మీద పెట్టి, మారు మాట్లాడకుండా కూర్చున్నాడు.

అప్పుడు తెరిచాం యాడ్స్ ఎక్కడెక్కడ పడ్డాయో చూపించే ప్లేస్‌మెంట్ రిపోర్ట్. టార్చిలైట్ యాప్‌లు, పిల్లలు రంగులు నింపుకునే గేమ్‌లు! స్క్రీన్ అడుగున 320x50 పిక్సెళ్ల సన్నటి పట్టీలో మన కంచి పట్టుచీర. పసివాడు గేమ్ ఆడుతూ బొటనవేలు జారిస్తే క్లిక్కు. పేజీ తెరుచుకునేలోపే వెనక్కి పోతాడు. ఐదు రూపాయలు మటుకు కట్ అయిపోతాయి. ఆ యాప్‌లను తీసేయడానికి పట్టేది పది నిమిషాలు. కానీ అప్పటికి ఆషాఢం అయిపోవచ్చింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఖర్చంతా సార్ తన క్రెడిట్ కార్డు మీద పెట్టాడు, బిల్లు తర్వాత వసూలు చేద్దామని. షాపాయన ఇవ్వనన్నాడు. తప్పు ఆయనది కాదు కదా. సార్ ఆ వడ్డీలు కడుతూనే రెండేళ్లలో ఆఫీసు మూసేశాడు. పాపం, మనిషి మంచివాడే. చివరి నెల జీతాలు మాత్రం ఎవరికీ ఎగ్గొట్టలేదు.

అందుకే చెబుతున్నా, తిట్టానని అనుకోకు. యాడ్ అకౌంటు క్లయింటు పేరు మీదే తెరువు. కార్డు వాళ్లదే పెట్టించు. క్లయింట్ల అకౌంట్లను నడపడానికి ఏజెన్సీలు పెట్టుకునే మేనేజర్ అకౌంట్‌తో దానికి లింక్ పెట్టుకుని పని చెయ్యి, నీ ఫీజు విడిగా తీసుకో. "మేడమ్, ఈ ఒక్క నెలా మీ కార్డు మీద లాగించండి" అంటారు. తియ్యగా అడుగుతారు. మీ నాన్న పోయాక మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి నిన్ను చదివించింది. ఒకళ్ల చీరల కోసం మళ్లీ అవి తాకట్టుకి పోతే నేను ఊరుకోను. ఈ మాటకు కోపం తెచ్చుకున్నా ఫరవాలేదు.

ఇక వీడియోలు. ఇక్కడ "వ్యూ" అన్న మాట దగ్గరే మోసపోతారు. యూట్యూబ్‌లో స్కిప్ చేయగలిగే యాడ్‌కి వ్యూ లెక్కన కడుతుంటే, 30 సెకన్లు చూడాలి, అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూడాలి, లేదా దాని మీద నొక్కాలి. అప్పుడే డబ్బు. ఐదో సెకన్ అవగానే స్కిప్ కొట్టినవాడికి పైసా పడదు. కాబట్టి షాపు పేరు ఆ ఐదు సెకన్లలోనే చెప్పించు. మనవాళ్లేమో దేవుడి పటం, దీపం, ఓనర్‌గారి నమస్కారంతో మొదలుపెట్టమంటారు. నువ్వే నచ్చజెప్పాలి. బంపర్ అనే ఆరు సెకన్ల చిన్న యాడ్‌కి స్కిప్ లేదు, అది సీపీఎం లెక్క. ఫేస్‌బుక్ యాడ్ రిపోర్ట్‌లో వీడియో మూడు సెకన్లు ఆడినా ఒక లెక్క రాసేస్తారు. అక్కడే త్రూప్లే అని ఇంకో లెక్క ఉంది, దానికి 15 సెకన్లు, అంతకన్నా చిన్నదైతే చివరిదాకా. ఇవన్నీ ఒకే కాలమ్‌లో కూడి క్లయింటుకి చూపించకు.

"చూపించాం" అన్నా నమ్మొద్దు. పేజీ అట్టడుగున ఉన్న బ్యానర్ దాకా ఎవరూ రాకపోయినా ఇంప్రెషన్, అంటే ఒకసారి చూపించినట్టు లెక్క, పడొచ్చు. బ్యానర్‌లో సగమైనా ఒక సెకను, వీడియో అయితే సగం రెండు సెకన్లు తెర మీద ఉంటేనే కనిపించినట్టు అని ఈ రంగంలో ఒప్పుకున్న కొలత. ఆ వ్యూయబిలిటీ శాతం అడుగు. చూపించామన్న వాటిలో సగమే అలా కనిపిస్తే నీ 80 రూపాయల సీపీఎం నిజానికి 160.

లొకేషన్ దగ్గరా జాగ్రత్త. గూగుల్‌లో మామూలుగా వదిలేస్తే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకే కాదు, హైదరాబాద్ మీద ఆసక్తి చూపినవాళ్లకూ యాడ్ వెళుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకే అని మార్చు. పేరు వెతికేటప్పుడు పాకిస్తాన్‌లో సింధ్‌లోని హైదరాబాద్‌ని టిక్ కొట్టి రాకు, నవ్వులాట కాదు.

ఇదంతా వేలంపాట కనుక దసరా, ధన్‌తేరస్ రోజుల్లో రేట్లు లేస్తాయి. ఏడాదంతా ఒకే సీపీఎం అని కొటేషన్‌లో ఒప్పుకోకు. ఇన్ని చీరలు అమ్మిపెడతానని అసలే ఒప్పుకోకు.

మొదటి క్లయింటు అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు నాకు చూపించు. వాట్సాప్‌లో పంపితే ఆ చిన్న అక్షరాలు నాకు ఆనవు. ప్రింట్ తీసుకుని ఆదివారం నల్లకుంటకి రా. మీ అమ్మనీ తీసుకురా, నేను మాట్లాడతాను.

మీ మామయ్య