ఇక్కడ మంచి కాలేజీలు లేకనా విదేశాలకు వెళ్తున్నారు?

ఇన్ని కాలేజీలు ఉండగా అప్పు చేసి మరీ పిల్లలు విదేశాలకు ఎందుకు వెళ్తున్నారని అడిగారు. నేనూ వెళ్లొచ్చినవాడినే, నా సంగతి చెబుతాను.

నాది మెకానికల్. బీటెక్ అవ్వగానే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం వచ్చి, బెంగళూరు మారతహళ్లిలో ఒక తెలుగు పీజీ హాస్టల్లో దిగాను. మూడేళ్లు గడిచాయి. జీతానికి లోటు లేదు. కానీ ఇంజిన్ల మీద ఇష్టంతో చదివిన చదువు ఎందుకూ పనికిరాలేదు. కార్ల కంపెనీలకు అప్లై చేస్తే "మీ అనుభవమంతా టెస్టింగే కదా" అనేవాళ్లు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రెండుసార్లు రాశాను, ఐఐటీ సీటు వచ్చేంత స్కోరు రాలేదు.

నా దృష్టిలో అసలు కారణం ఇదే. మన దగ్గర ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు, మొదటి ఉద్యోగం కలిసి దారి ఖరారు చేసేస్తాయి. దాన్ని మార్చుకోవడానికి చాలామందికి దొరికే రెండో అవకాశం బయట చేసే ఎంఎస్.

నేను ఎంఎస్‌కు జర్మనీ ఎంచుకున్నది డబ్బు చూసుకునే. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. ఖర్చుల డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. 2024 సెప్టెంబరు నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు, నెలనెలా మన చేతికే వస్తుంది. శని, ఆదివారాల్లో ఇందిరానగర్ గోథే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి జర్మన్ నేర్చుకున్నాను.

అక్కడ మొదటి ల్యాబ్ రిపోర్టు ఇచ్చినప్పుడు ప్రొఫెసర్ గ్రాఫ్‌లో ఒక చుక్క చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇదొక్కటే దూరంగా ఎందుకు పడింది?" అన్నారు. తీసేసి ఇస్తానన్నాను. వద్దు, కారణం కనుక్కోమన్నారు. రెండు రోజులు ఇంజిన్ దగ్గరే కూర్చుంటే తేలింది, సెన్సర్ బిగింపు వదులైంది. బీటెక్ నాలుగేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. సీనియర్ల రికార్డు చూసి రాసేవాళ్లం, సంతకం పడేది.

బెంగళూరు పీజీలో మా రూమ్మేట్ లెక్క వేరు. వాడు అమెరికా వెళ్లాడు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు చేస్తే చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద 12 నెలలు, ఆపైన ఇంకో 24 నెలలు పని చేయొచ్చు. ఆ సంపాదనతో లోను తీర్చాలని ప్లాన్. వాళ్ల నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టారు. బ్యాంకుకు ఇచ్చే ముందు రాత్రి దస్తావేజులు మంచం మీద పరిచి సరిచూస్తుంటే, ఒక కాగితం మీద వాళ్ల తాత వేలిముద్ర కనిపించింది. వాడు చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

జర్మనీలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. నాకు ముందే దొరికింది. నాన్న ఆరోగ్యం కోసం తిరిగొచ్చేశాను. ఇప్పుడు బెంగళూరులోనే ఇంజిన్ కాలిబ్రేషన్, అంటే ఇంజిన్ సరిగ్గా నడిచేలా సెట్టింగులు సరిచూసే పని చేస్తున్నాను. కోరుకున్న పని ఇక్కడే దొరికినవాళ్లను మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లమని నేను చెప్పను. మా రూమ్మేట్ లోను తీరడానికి అయిదేళ్లు పట్టింది. దస్తావేజులు ఇంటికొచ్చిన రోజు నాకు ఫోటో పంపాడు, ఆ వేలిముద్ర ఉన్న పేజీదే.