రెండు రాత్రుల్ల చదివిన నవల, ఒక్క మాటకు తిరిగిన కడుపు

ఈ ఉత్తరం హన్మకొండ నుంచి ఒక చెల్లె రాసింది. ప్రైవేట్ స్కూల్ల టీచర్, వయసు 25, పేరు వద్దన్నది. జర కుదించి పెడ్తున్న.

"మేడం, ఫ్రెండ్ ఇస్తే ఒక ఇంగ్లీష్ నవల చదివిన, డార్క్ మాఫియా రొమాన్స్ అంటరు గదా, అది. హీరో ఇటలీ మాఫియా డాన్, హీరోయిన్ వాళ్ల నాన్న అప్పు కట్టలేదని ఆమెను ఎత్తుకపోయి బలవంతంగ పెళ్లి చేస్కుంటడు, బంగ్లాల పెట్టి తాళమేస్తడు, ఫోన్ల ట్రాకర్ పెడ్తడు, ఆఖరికి ఆమె వాన్నే ప్రేమిస్తది. రెండు రాత్రులు నిద్రపోకుండ చదివిన, అంత మంచిగనిపించింది, మళ్ల కొన్ని పేజీల కాడ కడుపుల దేవినట్టయ్యి ఫోన్ పక్కకు పడేసిన. అక్క చూసి 'గిసొంటి చెత్త చదువుతవా, నీకేమన్న పిచ్చా' అన్నది. నాకు ఎంగేజ్మెంట్ అయ్యింది, మాఘంల లగ్గం. అబ్బాయి హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్. ఎంగేజ్మెంట్ నాడే నా ఫోన్ తీస్కొని లొకేషన్ షేరింగ్ ఆన్ చేసిండు, నీ సేఫ్టీ కోసమే అన్నడు. ఫ్రెండ్స్ తోటి భద్రకాళి బండ్ కు పోతే మూడుసార్లు ఫోన్ చేసిండు. మొన్న వానల మా స్కూల్ సార్ ఒకాయన బండి మీద ఇంటికాడ దింపిండని చెప్తే 'వాని సంగతి నేను చూస్కుంట' అన్నడు. నిజం చెప్తున్న మేడం, ఒక్క సెకన్ ఆ హీరో లెక్క అనిపించి మంచిగనిపించింది, ఎంటనే భయమైంది. నా మనసే చెడిపోయిందా?"

చెల్లె, ముందుగాల్ల ఆఖరు మాటకు జవాబు చెప్త, ఎందుకంటే నువ్వు దాని మీదనే నిద్ర పాడు చేస్కుంటున్నవ్. చెడిపోలేదు. కథ నచ్చుడు వేరు, ఆ బతుకు గావాలనుకునుడు వేరు, నీకు ఆ తేడా తెల్వకపోతే కడుపుల దేవేదే కాదు, ఫోన్ పక్కకు పడేసేదానివే కాదు.

అయినా ఎందుకు నచ్చిందో మాట్లాడుకుందాం, ఆ నచ్చుడుకు సిగ్గుపడి దాన్ని దాచిపెడ్తే అది లోపల్నే కుళ్లుతది. మన ఇండ్లల్ల పెళ్లిచూపులంటే ఏందో నీకు తెల్సు, పిల్ల నలుపా తెలుపా, జీతమెంత, బంగారం ఎన్ని తులాలు, కార్ పెడ్తరా ప్లాట్ రాసిస్తరా, పదిమంది ముందల కూసోబెట్టి బేరం చేస్తరు, నువ్వు ఛాయ్ గ్లాసులు పట్టుకొని తల వంచుకొని నిలబడ్తవ్. ఆ నవల్ల హీరో ఎంత దుర్మార్గుడైనా గని "ఎంత పెడ్తరు" అని ఒక్కసారన్న అడిగిండా? అడగడు. ఆమె తప్ప ఇంకేం వద్దంటడు, ఆమె కోసం ఊరు తగలబెడ్తనంటడు. కట్నం లెక్కల మధ్యల పెరిగిన పిల్లకు ఆ మాట ఎంత తియ్యగుంటదో నాకు అర్థమైతది. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలల్ల ఈ పుస్తకాలు చదివేటోళ్లు మస్తుమంది, టీచర్లు, నర్సులు, ఇద్దరు పిల్లల తల్లులు. నన్ను నన్నుగ ఎవరన్న గట్టిగ కోరుకోవాలె అనే ఆశ, అంతే, దాన్ల తప్పేం లేదు.

ఇంకోటి, ఆ పుస్తకాలు రాసే పద్ధతి జర గమనించు. ఒక చాప్టర్ ఆమె చెప్తది, ఇంకో చాప్టర్ వాడు చెప్తడు. వాడు తుపాకీ పట్టుకున్నప్పుడు గూడ వాని మనసుల ఏమున్నదో నీకు తెలుస్తనే ఉంటది, ఆమె మీద చెయ్యి లేపడు అని నీకు ముందే తెల్సు, రొమాన్స్ నవల గాబట్టి ఆఖరికి ఇద్దరు మంచిగుంటరని గూడ తెల్సు. శానా పుస్తకాలల్ల మొదటి పేజీలనే ఈ పుస్తకంల ఏమేం భయంకరం ఉన్నయో హెచ్చరిక రాస్తరు, ఇష్టం లేకుంటే అక్కడ్నే మూసేయొచ్చు. అంటే హీరోయిన్ చేతుల తాళంచెవి లేదు గని చదివే నీ చేతుల ఉన్నది. భయం గూడ మజా అయ్యేది అందుకే. మీ ఆయన గాబోయేటాయన విషయంల నీకు ఆయన చెప్పే చాప్టర్ లేదు చెల్లె. "వాని సంగతి చూస్కుంట" అన్నప్పుడు ఆయన మనసుల ఏమున్నదో నీకు రాసిచ్చేటోళ్లు ఎవ్వరు లేరు. ఆ సెకన్ మంచిగనిపించింది నవల చదివిన నీకు, ఎంటనే భయమైంది ఆ సార్ తోటి రోజూ స్టాఫ్ రూంల కూసోని అన్నం తినే నీకు. ఆ రెండోదాన్ని నమ్ము.

నిజం మాఫియా సంగతి గూడ ఒకటి చెప్త. ఇటలీ దక్షిణాన కలాబ్రియా అని ఉన్నది, అక్కడి ముఠాను న్ద్రాంగెటా అంటరు. లేయా గరోఫాలో అనే ఆమె గసొంటి కుటుంబంల పుట్టి, గసొంటోని తోటే కాపురం చేసి, బిడ్డ పుట్టినంక ఇగ ఈ బతుకు వద్దని బయటికొచ్చి పోలీసులకు సాక్ష్యం చెప్పింది. 2009 నవంబర్ల మిలాన్ సిటీల ఆమెను ఎత్తుకపోయి చంపేసిన్రు, చంపిచ్చింది వేరెవ్వరో కాదు, ఆమె బిడ్డ తండ్రి. ఆఖరికి ఆ బిడ్డ డెనీసె, అప్పటికి ఇరవై ఏండ్లు గూడ నిండని పిల్ల, కోర్టుల నిలబడి కన్నతండ్రి మీద సాక్ష్యం చెప్తే వానికి యావజ్జీవం పడ్డది. అక్కడ మొదటి రూల్ ఇంట్ల మాట బయటికి పోవద్దు అని, దాన్ని ఒమెర్తా అంటరు. మనకాడ గూడ ఇంటి గుట్టు లంకకు చేటు అంటం గదా. నువ్వు ఉత్తరం రాసి మంచి పని చేసినవ్.

అంత దూరం ఎందుకు, 2008 డిసెంబర్ల మన వరంగల్లనే ఇంజనీరింగ్ చదివే ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోసిన్రు, అండ్ల ఒకమ్మాయి కొన్నాళ్లకే పోయింది. నువ్వప్పుడు బడికి పోయే పిల్లవు, మీ అక్కకు మంచిగ యాదుండొచ్చు. ఆ తర్వాత ఊర్ల అమ్మానాన్నలు ఎన్ని నెలలు ఆడపిల్లను కాలేజీకి పంపాలంటే గజగజలాడిన్రో నేను చూసిన. వద్దన్నా ఇనకుండ ఎంబడి పడుడు పుస్తకంల ప్రేమ అయితది, మన రోడ్ల మీద ఏమైతదో ఈ ఊరోళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదు. అక్క గట్ల ఒర్రుడు వెనుక ఈ భయమే ఉండొచ్చు. ఆమె అన్న మాట తప్పు, నీకు పిచ్చి లేదు, గని ఆమెను దూరం పెట్టకు. ఇయ్యాలనో రేపో ఆమె పక్కన కూసోని నవల సంగతి పక్కకు పెట్టి ఆ ఫోన్ కాల్స్ సంగతి చెప్పు, నువ్వు నాకు చెప్పినవ్ గని ఇంట్ల ఎవ్వరికీ చెప్పినట్టు లేవు.

ఇగ అబ్బాయి. ఒక్క ఉత్తరం చదివి ఆయన మంచోడా చెడ్డోడా అని నేను తీర్పు చెప్ప. కొంతమంది మగపిల్లలు సినిమాలు చూసి గసొంటి డైలాగులు కొడ్తరు, అట్ల మాట్లాడితేనే మొగోడు అనుకుంటరు, కూసోబెట్టి చెప్తే సిగ్గుపడి మారేటోళ్లను గూడ చూసిన. మారనోళ్లనూ చూసిన, పెళ్లికి ముందు లొకేషన్, పెళ్లైనంక జీతం కార్డు, ఆ తర్వాత తల్లిగారింటికి పోవాలన్నా పర్మిషన్. ఏ రకమో నీకు తెల్వాలంటే ఒక్కటే దారి, ఒక చిన్న "వద్దు" చెప్పి చూడు.

లొకేషన్ ఆఫ్ చెయ్యి. దొంగతనంగ కాదు, ఆయనకు చెప్పి. "నేను ఎటు పోయిన్నో అడిగితే చెప్త, ఫోన్ల చూసుడు నాకు ఇష్టం లేదు, అందుకే తీసేసిన" అని నెమ్మదిగ, ఏడ్వకుండ, సారీ చెప్పకుండ చెప్పు. ఇంకో మాట గూడ చెప్పు, ఆ సార్ నాకు సాయం చేసిండు, ఆయన జోలికి పోవద్దు అని. ఆ తర్వాత చూడు. మొదట మూతి ముడుచుకున్నా, ఒకటి రెండు రోజులు ఫోన్ చెయ్యకున్నా పర్వాలేదు, అది మనుషులకుండే అలక. "సరే, నాకు భయమైతది గాబట్టి పెట్టిన, నీకు ఇష్టం లేకుంటే వద్దు" అంటే ఆయన తోటి మాట్లాడుకునే దారి ఉన్నట్టే. అట్ల కాకుండ "ఏం దాస్తున్నవ్" అని మొదలువెట్టి, మీ నాన్నకు చెప్తనని, లగ్గం ఆపుతనని, స్కూలుకొచ్చి ఆ సార్ సంగతి తేలుస్తనని అంటే, అప్పుడు ఇగ ఒక్క దినం గూడ ఆలోచించకుండ మీ నాన్నకు, అక్కకు చెప్పు.

ఎంగేజ్మెంట్ అయ్యింది గదా, ఫంక్షన్ హాల్ కు అడ్వాన్స్ కట్టిన్రు గదా, నలుగురు ఏమనుకుంటరు అని నీ మనసుల తిరుగుతనే ఉంటది. హాల్ అడ్వాన్స్ పోతే పోతది. లగ్గమైనంక వాపస్ వచ్చిన బిడ్డను పట్టుకొని నా ముందల ఏడ్చిన తండ్రులను చూసిన, "ముందే చెప్తే బాగుండు బిడ్డా" అనే మాట తప్ప వాళ్ల నోట్ల నుంచి ఇంకో మాట రాదు.

చట్టం సంగతి గూడ తెల్సుకొని ఉండు. ఆడమనిషి వద్దని చెప్పినంక గూడ ఎంబడి పడుడు, ఆమె నెట్ల, మెయిల్ల ఏం చేస్తుందో కనిపెట్టుకుంట ఉండుడు నేరమే, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, మొదటిసారికే మూడేండ్ల దాక జైలు పడొచ్చు. కాబోయే భర్త అయినంత మాత్రాన ఇది చెల్లదని లేదు. బెదిరింపు దాక పోతే ఆడోళ్ల కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్ కు చెప్పొచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181 కు ఫోన్ చేస్తే రాత్రైనా పగలైనా ఎత్తుతరు, ఆపదల ఉన్న ఆడోళ్ల కోసం సర్కారు నడిపే సఖి సెంటర్ల కౌన్సెలింగ్ కు, వకీలు సాయానికి పైసలు తీస్కోరు. నిద్ర పట్టక గుండె దడదడ అంటుంటే 14416 ఉన్నది, టెలి మానస్, మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, తెలుగుల మాట్లాడుతరు.

నవల సంగతి అంటవా, మళ్ల చదవాలనిపిస్తే చదువు, దాచిపెట్టుకోకు. గని నీకు ఎక్కడ కడుపుల దేవిందో ఆ పేజీలు మాత్రం ఉరికిచ్చి చదవకు, ఆగు. ఆమె వద్దన్నది, వాడు ఇనలేదు, రాసినామె తర్వాతి పేజీల ఆ వద్దును ఇష్టంగ మార్చేసింది. అక్కడ నీకు కోపమొచ్చింది చూడు, ఆ కోపమే నాకు నీ ఉత్తరంల అన్నిటికంటే నచ్చింది.

లొకేషన్ తీసేసినంక ఆయన నోట్ల నుంచి వచ్చిన మొదటి మాట ఏందో, ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండ నాకు రాసి పంపు. పెండ్లి కార్డులు అచ్చుకియ్యకముందే పంపు చెల్లె.