పాలస్తీనా గుర్తింపులో మతం ఎంత, జాతీయత ఎంత?

పాలస్తీనావాళ్ల ఉద్యమం ఇస్లాం నుంచి పుట్టిందా, జాతీయవాదం నుంచా అన్నది ప్రశ్న. నా దృష్టిలో ఈ రెంటినీ విడదీసి చూడటమే చిక్కు.

1911లో జాఫాలో 'ఫలస్తీన్' అనే పత్రిక మొదలుపెట్టింది ఈసా అల్-ఈసా, ఆయన క్రైస్తవుడు. బ్రిటిష్ పాలన తొలి రోజుల్లో వెలిసిన సంఘాల పేరే 'ముస్లిం-క్రైస్తవ సంఘాలు'. అయితే పల్లె జనాన్ని కదిలించడానికి పత్రికలు చాలవు కదా! అక్కడ మసీదూ పండగలూ పనికొచ్చాయి. ముఫ్తీ (ముస్లిం మతపెద్ద) అమీన్ అల్-హుసైనీ 1931లో జెరూసలేంలో ఇస్లామిక్ మహాసభ జరిపి, అక్కడి అల్-అక్సా మసీదును ప్రపంచ ముస్లింల విషయంగా మార్చాడు. 1935లో బ్రిటిష్ పోలీసుల చేతిలో చనిపోయిన ఇజ్జుద్దీన్ అల్-ఖస్సాం సిరియాలో పుట్టిన మతబోధకుడు. తర్వాత జాతీయవాదులూ, ఇస్లామిస్టులూ ఆయన్ని మావాడే అన్నారు.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనావాళ్లు నిరాశ్రయులయ్యాక, పోయిన ఊరూ ఇల్లూ గుర్తింపుకు కేంద్రమయ్యాయి. 1964లో ఏర్పడిన పీఎల్‌ఓ (పాలస్తీనా విమోచన సంస్థ) భాష ప్రధానంగా లౌకికమే. అందులో ఒక ముఖ్య వర్గానికి నాయకుడైన జార్జ్ హబాష్ కూడా క్రైస్తవుడే.

అసలు ఆసక్తికరమైన సంవత్సరం 1988. ఆగస్టులో ఇస్లామిస్టు సంస్థ హమాస్ తన చార్టర్‌లో పాలస్తీనాను ఇస్లామిక్ వక్ఫ్ భూమి, అంటే మతానికి అంకితమైన భూమి అంది. దేశభక్తిని కాదనలేదు, దాన్ని మతవిశ్వాసంలో భాగం చేసేసింది. నవంబర్‌లో పీఎల్‌ఓ అల్జీర్స్‌లో చేసిన స్వాతంత్ర్య ప్రకటన మతభేదం లేని సమానత్వాన్ని హామీ ఇచ్చింది. కానీ అది కూడా అల్లా పేరుతోనే మొదలవుతుంది.