హోల్టర్ రిపోర్టు చూసి హడలిపోకు

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన హోల్టర్ రిపోర్టు, అదే ఒక రోజంతా ఛాతీకి వైర్లు అంటించుకుంటే గుండె లయని రాసుకునే మిషన్ రిపోర్టు, కళ్లజోడు పెట్టుకుని పేజీ పేజీ చూశాను. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను, గుండె జబ్బుల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, పైగా ఈ దడ నాకూ ఏళ్లుగా ఉంది. వైద్యం చెప్పను గానీ, ఆ కాగితాల్లో ఏది చూడాలో, ఏది చూసి ఊరికే బెంగపెట్టుకోకూడదో చెప్పగలను.

వెంట్రిక్యులర్ ఎక్టోపిక్స్, అంటే గుండె కింది గదుల్లో ముందుగా పుట్టే బీట్లు, 312 అని ఉంది కదా, నీకు నిద్ర లేకుండా చేసింది ఆ అంకేనని తెలుసు. దాని పైన ఇంకో అంకె ఉంది, చూశావా? ఆ 24 గంటల్లో నీ గుండె మొత్తం 1,04,000 సార్లు కొట్టుకుంది. అందులో 312 అంటే 0.3 శాతం. ఏ జబ్బూ లేనివాళ్లకి మిషన్ పెట్టినా ఇవి కొన్ని కనబడుతుంటాయి, చాలామందికి అవి వచ్చినట్టు కూడా తెలియదు. ఇవి 10 శాతం దాకా ఉంటే డాక్టర్లు కాస్త గట్టిగా పట్టించుకుంటారు, గుండె కండరం బలహీనపడుతోందేమోనని ఎకో, అంటే గుండె స్కాన్, తీయించి కనిపెట్టుకుని ఉంటారు. వరసగా మూడో అంతకన్నా ఎక్కువో వేగంగా వచ్చినా అడిగి తెలుసుకోవాల్సిందే, నీ రిపోర్టులో అలాంటిది లేదు. కానీ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండమనీ అనను. టూడీ ఎకోలో గుండె ఆకారం, వాల్వులు, పంపింగ్ బాగున్నాయని తేలితేనే ఈ తక్కువ శాతానికి విలువ. నువ్వింకా ఎకో తీయించుకోలేదు, అది ముందు చూడు.

గుండె ఆగి మళ్లీ ధనేల్మని కొట్టుకుంటోంది అన్నావు. అది ఆగడం కాదే. ఎక్టోపిక్ అంటే రావలసిన టైముకన్నా ముందే వచ్చేసే బీటు. అప్పటికి గుండెలోకి రక్తం సరిగా నిండదు కాబట్టి ఆ బీటు చాలాసార్లు నీకు తెలియనే తెలియదు. దాని తర్వాత కాస్త గ్యాప్ వస్తుంది, ఆ గ్యాప్‌లో రక్తం ఎక్కువ నిండి తర్వాతి బీటు గట్టిగా తగులుతుంది. నువ్వు అదిరిపడేది ఆ మామూలు బీటుకే. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరవుతుంది, రాత్రి పక్కన ఏ చప్పుడూ ఉండదు, అందుకే పగలంతా లేనిది పడుకోగానే మొదలైనట్టుంటుంది.

తెల్లవారుజామున గుండె వేగం నిమిషానికి 46కి పడిపోయిందని ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టావు. నిద్రలో అంత తగ్గడం మామూలే. సాయంత్రం 148 అని ఉన్నచోట నీ డైరీలోనే 'లిఫ్ట్ పనిచేయలేదు, మెట్లెక్కాను' అని ఉంది, నీ వయసుకి మెట్లెక్కితే అంత పెరగదా మరి! వైరు వదులైనా, చెమట పట్టినా, ఆఖరికి పళ్లు తోముకుంటున్నా పిచ్చి గీతలు పడతాయి, కంప్యూటర్ వాటికీ పేర్లు పెట్టేస్తుంది. అందుకే కంప్యూటర్ రాసింది కాకుండా కింద డాక్టరు చూసి రాసిన నాలుగు లైన్లు చదువు.

అన్నిటికన్నా ముఖ్యం, దడ అనిపించినప్పుడల్లా నువ్వు మిషన్ మీద బటన్ నొక్కిన టైములు. ఐదుసార్లు నొక్కావు. మూడుసార్లు అక్కడ ఎక్టోపిక్ ఉంది, రెండుసార్లు సైనస్ రిథమ్, అంటే మామూలు లయ. 'దడ వచ్చినా ఏమీ దొరకలేదు' అని ఆ రెండింటినీ చూసి ఏడుస్తున్నావు. దడ పుట్టిన సరిగ్గా ఆ నిమిషంలోనే లయ సరిగా ఉందని తేలింది, అదే దొరికిన జవాబు. మిషన్ ఉన్న రోజు అసలు దడే రాకపోయి ఉంటే, రిపోర్టు ఎంత నార్మల్‌గా ఉన్నా అది నీ దడ సంగతి తేల్చేది కాదు, అప్పుడు వారమో రెండు వారాలో ఛాతీకి అంటించే ప్యాచ్ పెట్టాల్సి వచ్చేది.

కారణం తెలియదు అని డాక్టరంటే వదిలేశారని కాదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొటాషియం చూశారా? నీకు నెలసరి ఎక్కువ పోతుందని మీ అమ్మ చెప్పింది, రక్తం తక్కువైతే గుండె వేగంగానే కొట్టుకుంటుంది. జలుబు మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్, థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువవడం, ఇవన్నీ దడ పుట్టిస్తాయి, నువ్వు వాడేవన్నీ రాసుకుని వెళ్లు. చిన్నప్పుడు కీళ్లవాపుతో జ్వరం వచ్చి ఉంటే అదీ చెప్పు, మన దేశంలో వాల్వు జబ్బులు చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది. మీ అమ్మ గ్యాస్ అంటుంది, మీ నాన్న దిష్టి అంటాడు, వాళ్లతో వాదన పెట్టుకోకు. కాఫీ పూర్తిగా మానక్కర్లేదు, రెండు వారాలు తగ్గించి తేడా ఉంటే చూడు. అమెరికా కాల్స్ కోసం అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ ఎనర్జీ డ్రింకులు తాగడం మాత్రం ఆపు.

ఇంకోటి, గుండె వేగం చూపించే ఆ వాచీ రాత్రిళ్లు తీసేయ్. దడ అనిపించగానే నాడి పట్టుకోవడం, గూగుల్ చేయడం, దాంతో టెన్షన్, టెన్షన్‌కి అడ్రినలిన్ పెరిగి ఇంకో నాలుగు ఎక్టోపిక్స్. నేనైతే పక్కకి తిరిగి పడుకుని ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదులుతాను, తగ్గకపోతే లేచి వంటింట్లోకి వెళ్లి ఏదో ఒకటి సర్దుతాను. వచ్చినా సరే చేస్తున్న పని ఆపను. ఇది ఒక్కరోజులో అలవాటు కాదు, మొదట్లో చాలా చిరాగ్గా ఉంటుంది.

స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై, 160, 180 వేగంతో కాసేపు కొట్టుకుని, అలాగే టక్కున ఆగిపోతే అది వేరే సంగతి. అది ఉండగానే దగ్గర్లో ఎక్కడైనా ఈసీజీ తీయించు, ఆ ఒక్క కాగితం డాక్టరుకి చాలా ఉపయోగం. యూట్యూబ్ చూసి మెడ నొక్కుకోవడం లాంటివి చేయకు. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, పరిగెడుతున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో దడతో స్పృహ తప్పబోయినట్టనిపించినా నాకు మెసేజ్ పెట్టడం కాదు, 108కి ఫోన్ చెయ్. మన ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు నాకు తెలిసి లేరు, మీ నాన్న వైపు అడిగి చూడు.

మీ ఆఫీసులో ఎవరో వాడుతున్నారని బీటా బ్లాకర్, అదే గుండె వేగం తగ్గించే మాత్ర, నువ్వు కొనుక్కోకు, నీకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది, అది తప్పకుండా డాక్టరుకి చెప్పాలి. ఒకవేళ ఆయనే రాస్తే, బాగుంది కదా అని మధ్యలో నీ అంతట నువ్వు ఆపేయకూడదు.

వెళ్లినప్పుడు మూడే అడుగు: నా గుండె నిర్మాణం బాగుందా, బటన్ నొక్కినప్పుడు ఏముంది, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలి. కాగితం మీద రాసుకుని వెళ్లు, లోపలికి వెళ్లాక అన్నీ మరిచిపోతాం. ఎకో తీయించాక కాగితం నాకు కూడా పంపు, ఈసారి ఫొటో కాస్త కదలకుండా తియ్యి.

మీ పెద్దమ్మ