పెళ్ళిలోపు బరువు తగ్గాలని రోజుకు 600 కేలరీలా?

వద్దండి. మీరు పొద్దున రాగిజావ, రాత్రి రెండిడ్లీలు, షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర అన్నారు. మీ కేసులో అసలు భయం ఆ మాత్రే. అది వేసుకుని తిండి కోసేస్తే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు వస్తే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు షుగరు మళ్ళీ చూసుకోండి. డోసు గురించి రేపే డాక్టరుగారిని అడగండి, మీ అంతట మీరు మానొద్దు.

800 కేలరీల లోపు డైట్ డాక్టరు పర్యవేక్షణలో చేసేది. ఇంట్లో చేస్తే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, రెండు మూడు నెలలకు జుట్టు ఊడొచ్చు (సరిగ్గా పెళ్ళి టైముకి!). మొదటి వారం మూడు కిలోలు తగ్గానన్నారు, అందులో ఎక్కువ నీరే. గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే చక్కెర) గ్రాము ఖర్చయితే దాంతో సుమారు మూడు గ్రాముల నీరు పోతుంది.

డాక్టరు సరేనన్నాక, మామూలుగా తినేదాంట్లోంచి 500 కేలరీలు తీసేయండి. వారానికి అరకిలో దాకా తగ్గుతారు. పూటకు బియ్యం 60 గ్రాములు తూచి వండితే 210 కేలరీలు. నూనె సీసాతో వంచొద్దు, పెద్ద చెంచాకే 120. శీలావతి చేప ముక్కలు 150 గ్రాములు పులుసు పెడితే పాతిక గ్రాముల ప్రొటీన్, వేపుడైతే నూనె లెక్క వేరు. కార్తీకంలో చేప మానేస్తే పెసరపప్పు, పెరుగు పెంచండి. ఉపవాసాలు మాత్రం ఈ మాత్రతో కుదరవు.

కుడి డొక్క పైన నొప్పి, గుండె దడ వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.